కోరి తెచ్చుకున్న ఆపదకు బాధ్యులెవరు?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

గత సంచికలో ఎవరెస్టు మీద ఒక షెర్పా మరొక పర్వతారోహకుణ్ణి వీపున మోసుకుని కిందికి దించిన సంఘటన గురించి చిన్న వ్యాసం ప్రచురించాం. ఈ మధ్య కాలంలో ఏ వ్యాసానికీ ఇన్ని ఉత్తరాలు రాలేదు. మెచ్చుకున్నవారు కొందరైతే, కోప్పడినవారు అంతకంటే ఎక్కువమంది. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఏడు ప్రశ్నలుగా కుదించి, ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఎవరూ వెళ్ళమనకుండానే వెళ్ళి, చేతిలో ఉన్న డబ్బంతా ఖర్చు పెట్టి మరీ చావుతో చెలగాటమాడేవారి కోసం ఇంకొకరు తమ ప్రాణాలు పణంగా పెట్టడం న్యాయమేనా? కొరివితో తల గోక్కున్నవాడికి చురుక్కుమంటే ఊరంతా నీళ్ళు మోయాలా? ఈ మాట అన్నందుకు మా ఇంట్లో పిల్లలు నన్ను దయలేనివాడిగా చూస్తున్నారు. – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మీ ప్రశ్నలో దయలేనితనం ఏమీ లేదు. రక్షక బృందాలలో పనిచేసేవారు కూడా తమలో తాము అడుగుకునే ప్రశ్నే ఇది. ఆ వ్యాసం చదవనివారి కోసం జరిగింది మళ్ళీ క్లుప్తంగా చెబుతాను. 2023 మే నెలలో గెల్జే షెర్పా, తనను మార్గదర్శిగా పెట్టుకున్న ఒక చైనా పర్వతారోహకుణ్ణి ఎవరెస్టు శిఖరానికి తీసుకువెళుతూ, బాల్కనీ అని పిలిచే చోటికి దగ్గరలో, తాడు పట్టుకుని చలికి వణికిపోతున్న ఒక మలేసియా పర్వతారోహకుణ్ణి చూశారు. శిఖరం ఆశ వదులుకోమని తన వెంట ఉన్న మనిషిని ఒప్పించి, బాధితుణ్ణి పడుకునే చాపలో చుట్టి కట్టి, కొంత దూరం మంచు మీద ఈడుస్తూ, కొంత దూరం వీపున మోస్తూ, సుమారు 600 మీటర్ల ఎత్తు దిగి సౌత్ కోల్ అనే కనుమ చేరేసరికి ఆరు గంటలు పట్టింది. మరొక షెర్పా తోడై, ఇంకా కిందికి, మూడవ శిబిరానికి చేర్చాక, హెలికాప్టర్‌కు వేలాడే పొడవాటి తాడు సాయంతో అతణ్ణి బేస్ క్యాంపుకు దించారు.

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆపదలో ఉన్న మనిషిని కాపాడాలా వద్దా అన్నది ఒకటి. ఆ ఆపదకు తప్పెవరిది, దాని భారం ఎవరు మోయాలి అన్నది రెండవది. రెండవ ప్రశ్నకు జవాబు దొరికేదాకా మొదటిదాన్ని ఆపలేం. సముద్రం మీద నడిచేవారికి ఇది ఏనాడో తెలిసిన సంగతి. ఆపద సంకేతం అందుకున్న ఓడ, సాయం చేయగల స్థితిలో ఉంటే, వెళ్ళి కాపాడవలసిందేనని 1974 నాటి అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం చెబుతోంది. మునుగుతున్నవాడు చేపలు పట్టేవాడా, పందెం కోసం ఒంటరిగా తెరచాప పడవ నడిపేవాడా అని అందులో తేడా లేదు. 2018 సెప్టెంబరులో భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు చిక్కారు. తెరచాప కొయ్యలు విరిగిపోయాయి, వెన్నుకు తీవ్రమైన గాయమై లేవలేని స్థితిలో పడవలోనే పడి ఉన్నారు. నేలకు సుమారు 3,500 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆయనను చేరుకున్నది ఒక ఫ్రెంచి మత్స్య పరిరక్షణ నౌక. అదే పందెంలో ఉన్న ఐరిష్ నావికుడు గ్రెగర్ మెక్‌గకిన్, తన పడవ కొయ్యలు కూడా విరిగిపోయి ఉండగా, దొరికిన కర్రతో అతుకు వేసుకుని అభిలాష్ వైపు బయలుదేరారు. ‘నీ పందెం నువ్వు కోరుకున్నదే కదా’ అని వారిలో ఎవరూ అడగలేదు.

అంతమాత్రాన రక్షకుడు తన ప్రాణాన్ని ఎవరికో బాకీ ఉన్నట్టు భావించనక్కరలేదు. మీ ప్రశ్నలో బలమున్న భాగం ఇదే కాబట్టి దీన్ని దాటవేయను. 2005 ఆగస్టులో స్లొవేనియా పర్వతారోహకుడు తొమాజ్ హుమార్ నంగా పర్బత్ గోడ మీద దాదాపు ఆరు వేల మీటర్ల ఎత్తులో రోజుల తరబడి ఇరుక్కుపోతే, పాకిస్తాన్ సైనిక పైలట్లు హెలికాప్టర్‌ను ఆ నిలువు గోడకు అడుగుల దూరంలో నిలిపి తాడు అందించారు. ఆయన ఆ తాడు తగిలించుకున్నారు గాని, మంచులో దిగగొట్టిన మేకుకు తనను కట్టి ఉంచిన పాత తాడును కోయలేదు. హెలికాప్టర్ పైకి లాగుతోంది, కొండ వదలడం లేదు. ఆ పాత తాడు తెగబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఒకరి కోసం వెళ్ళినవారు కూడా కొండకే మిగిలిపోయేవారు. అలా మిగిలిపోయినవారూ ఉన్నారు. 2012 జూన్ 21న అమెరికాలోని మౌంట్ రెయినియర్ మీద, హిమానీనదం పగులులో పడ్డ బృందాన్ని హెలికాప్టర్‌లోకి ఎక్కించే పనిలో ఉన్న నిక్ హాల్ అనే రేంజర్ జారిపడి మరణించారు. ఆయన సాయం చేసినవారు బతికారు.

అందుకే రక్షక శిక్షణలో నేర్పే మొదటి పాఠం ‘ముందు నీ క్షేమం, తరువాత నీ బృందం క్షేమం, ఆ తరువాతే బాధితుడు’ అని. వినడానికి కఠినంగా ఉన్నా ఇందులో గొప్ప న్యాయం ఉంది. 2018 జనవరిలో, చలికాలపు నంగా పర్బత్ మీద చిక్కుకున్న ఫ్రెంచి పర్వతారోహకురాలు ఎలిజబెత్ రెవోల్ కోసం డెనిస్ ఉరుబ్కో, ఆడమ్ బియెలెట్స్కీ అనే పర్వతారోహకులు చీకట్లో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి ఆమెను చేరారు. ఇంకా పైన, ఏడు వేల మీటర్లు దాటిన చోట, ఆమె సహచరుడు తొమెక్ మాట్స్కియెవిచ్ ఉన్నారు. వాతావరణం చెడిపోతోంది. వారు పైకి వెళ్ళలేదు, ఆమెను తీసుకుని దిగారు. సాయం చేయాలన్న ధర్మం, చేయలేనప్పుడు ఆగిపోయే హక్కు, రెండూ ఆ ఒక్క రాత్రిలో ఉన్నాయి. కాపాడాలా వద్దా అన్న నిర్ణయం ఎదురుగా ఉన్న ప్రమాదాన్ని బట్టి ఉంటుంది గాని, చిక్కుకున్నవారి యోగ్యతను బట్టి కాదు. యోగ్యతను తూచడం మొదలుపెడితే, పొగతాగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవారిని, హెల్మెట్ లేకుండా బండి నడిపినవారిని కూడా ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆపవలసి వస్తుంది. పైగా కొండ ప్రాంతాల రక్షక బృందాలకు వచ్చే పిలుపులలో చాలా భాగం సాహసికుల నుంచి కావు, సెలవురోజు నడకకు వెళ్ళి దారి తప్పినవారి నుంచి, మడమ బెణికినవారి నుంచి వచ్చేవే.

ప్రశ్న: కాపాడవద్దని నేను అనను. అయితే హెలికాప్టర్ ఖర్చు ప్రజల సొమ్ములోంచి ఎందుకు పోవాలి? బాధితుల నుంచే వసూలు చేస్తే మిగతావారికి బుద్ధి వస్తుంది కదా? – ఒక పన్ను చెల్లింపుదారు

జవాబు: వినగానే సబబుగా తోచే ఆలోచనే. దీన్ని అమలు చేసి చూసినచోట్లు కూడా ఉన్నాయి. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, నిర్లక్ష్యంగా ప్రవర్తించి ఆపదలో పడినవారి నుంచి గాలింపు ఖర్చు వసూలు చేసుకునేలా చట్టం చేసింది. 2009లో అక్కడి కొండల్లో మడమ బెణికి, మూడు రాత్రులు ఒంటరిగా గడిపి, తనంతట తానే బతికి బట్టకట్టిన 17 ఏళ్ళ కుర్రవాడికి 25,000 డాలర్లు దాటిన బిల్లు పంపినప్పుడు పెద్ద దుమారం రేగింది. 2015 నుంచి ఆ రాష్ట్రం ఒక కార్డు అమ్ముతోంది. ఏడాదికి మనిషికి 25 డాలర్లు, కుటుంబానికి 35 డాలర్లు. కార్డు ఉన్నవారికి సాధారణ నిర్లక్ష్యానికి బిల్లు రాదు. తెలిసి తెలిసి తెగించినవారికి మాత్రం కార్డు ఉన్నా మినహాయింపు లేదు. ఆ సొమ్ము రక్షణ పనుల నిధికే చేరుతుంది. శిక్షగా మొదలైనది చందాగా మారడం నాకు మంచి మలుపుగానే కనిపిస్తుంది.

బిల్లు వేయడాన్ని గట్టిగా వ్యతిరేకించేవారిలో రక్షక బృందాలవారే ముందుంటారు. వారి అనుభవం సూటిగా ఉంటుంది. డబ్బు భయం ఉన్న మనిషి వెంటనే ఫోను చేయడు. ‘ఇంకొంచెం చూద్దాం, దిగలేకపోతామా’ అని మీనమేషాలు లెక్కిస్తాడు. మధ్యాహ్నం మూడింటికి చేస్తే ఇద్దరు వెళ్ళి నడిపించుకు రాగలిగే పని, రాత్రి పదకొండింటికి చేస్తే ఇరవైమంది దీపాలతో వెతకవలసిన పనిగా మారుతుంది. ఖర్చు తగ్గించాలనుకున్న నిబంధన ఖర్చునూ అపాయాన్నీ పెంచుతుంది. బ్రిటన్‌లో కొండల మీది రక్షక బృందాలు స్వచ్ఛందంగా, ఉచితంగా పనిచేస్తాయి. 1824లో పుట్టిన అక్కడి లైఫ్‌బోటు సంస్థ నేటికీ విరాళాల మీద, ఎక్కువగా స్వచ్ఛంద సేవకుల మీదే నడుస్తోంది. స్విట్జర్లాండ్‌లో 1952 నుంచి ఉన్న రేగా అనే వైమానిక రక్షణ సంస్థకు లక్షలాదిమంది ఏటా చందా కడతారు, అలా కట్టినవారికి బీమా భరించని ఖర్చును ఆ సంస్థ మాఫీ చేయవచ్చు.

డబ్బు కంటే ముందు ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది. కొన్ని చోట్లకు రక్షకులుగా వెళ్ళగలిగేది ఆ క్రీడ తెలిసినవారు మాత్రమే. 2014 జూన్‌లో జర్మనీలోని రీజెన్‌డింగ్ గుహలో సుమారు వెయ్యి మీటర్ల లోతున ఒక అన్వేషకుడి తలకు రాయి తగిలితే, ఆయనను స్ట్రెచర్ మీద నేల పైకి తేవడానికి ఐదు దేశాలకు చెందిన 700 మందికి పైగా పదిరోజులు దాటి శ్రమించారు. లోపల చేతులు మార్చుకుంటూ స్ట్రెచర్‌ను ఇరుకు సందుల్లోంచి దాటించినవారు గుహలలో తిరగడం సరదాగా పెట్టుకున్నవారే. రక్షించినవారూ రక్షణ పొందినవారూ ఒకే గూటి పక్షులు. ఆ సరదాను నిరుత్సాహపరిస్తే రేపు లోపలికి దిగగలిగే చేతులే కరువవుతాయి.

అయితే సాహసికుడు తన భారాన్ని తాను మోయనక్కరలేదని నా అర్థం కాదు. బీమా తీసుకోవాలి, తీసుకునే ముందు చిన్న అక్షరాలు చదవాలి. మామూలు ప్రయాణ బీమాలు చాలావాటిలో ఫలానా ఎత్తు దాటితే, తాళ్ళతో ఎక్కితే, ఫలానా లోతు దాటి డైవ్ చేస్తే వర్తించదని రాసి ఉంటుంది. 2018 నాటి నంగా పర్బత్ సంఘటనలో హెలికాప్టర్ ఖర్చుల కోసం మిత్రులు అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో విరాళాలు పోగుచేయవలసి వచ్చింది. మంచులో ఒక మనిషి వేళ్ళు గడ్డకడుతున్నప్పుడు కింద కూర్చుని జోలె పట్టే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ప్రశ్న: నా దగ్గర ఉపగ్రహాలతో పనిచేసే ఆపద పరికరం ఉంది. బటన్ నొక్కితే ప్రపంచంలో ఎక్కడున్నా సాయం వస్తుందంటారు. అలాంటప్పుడు ఒంటరిగా వెళ్ళడంలో తప్పేమిటి? – 26 ఏళ్ళ పాఠకుడు

జవాబు: పరికరం పనిచేస్తుంది. 406 మెగాహెర్ట్జ్ మీద నడిచే బీకన్ల, అంటే మీ దగ్గరున్నలాంటి ఆపద పరికరాల, సంకేతాలను అందుకునే కోస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థ 1982 నుంచి వేలాది ప్రాణాలు నిలిపింది. అభిలాష్ టామీ జాడ తెలియడానికి కూడా బీకన్ తోడ్పడింది. అయితే బటన్ మీ ఉనికిని మాత్రమే తెలియజేస్తుంది. మిమ్మల్ని చేరవలసినది మనుషులు, వారికి గాలి, మబ్బు, చీకటి అన్నీ అడ్డమే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి హెలికాప్టర్ రెక్కలకు పట్టు తగ్గిపోతుంది. 1996 మేలో ఎవరెస్టు మీద బెక్ వెదర్స్, మకాలు గావ్ అనే ఇద్దరి కోసం నేపాల్ సైన్యానికి చెందిన మదన్ ఖత్రీ ఛెత్రీ దాదాపు ఆరు వేల మీటర్ల ఎత్తులో హెలికాప్టర్ దించినప్పుడు, ఒక విడతకు ఒక్కరినే మోయగలిగారు. ఒకరిని దింపి, మరొకరి కోసం మళ్ళీ అదే ప్రమాదంలోకి ఎగిరి వచ్చారు.

ఇక మంచుచరియల సంగతి. చరియ కింద పూడిపోయినవారిని పావుగంట లోపల బయటికి తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. ఏ హెలికాప్టరూ పావుగంటలో రాదు. పక్కనున్న స్నేహితుడి దగ్గర సంకేత గ్రాహకం, పొడిచి చూసే పొడవాటి కడ్డీ, పార ఉన్నాయా, వాటిని వాడడం సాధన చేశాడా అన్నదే అక్కడ తేల్చే సంగతి. మీరు ఒంటరిగా వెళితే ఆ స్నేహితుడు కూడా ఉండడు. పరికరాన్ని తప్పక వెంట ఉంచుకోండి, మీ పేరు మీద నమోదు చేయించండి. అయితే అది లేకపోతే ఎక్కడిదాకా వెళ్ళేవారో అక్కడిదాకానే వెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్ళు. పారాగ్లైడింగ్ అంటే పిచ్చి. వద్దంటే చెప్పకుండా వెళుతున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాట ‘పారాగ్లైడింగ్’ కాదు, ‘చెప్పకుండా’ అన్నది. 2003లో అమెరికాలోని యూటా ఎడారి లోయల్లో ఏరన్ రాల్‌స్టన్ అనే యువకుడి చెయ్యి ఒక బండరాయి కింద ఇరుక్కుంది. తాను ఎక్కడికి వెళుతున్నాడో ఎవరికీ చెప్పలేదు. ఐదు రోజులు దాటాక, ఎవరూ రారని తేలాక, తన చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. అతను గొప్ప ధైర్యవంతుడే. కాని ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి పెట్టి ఉంటే అంత ధైర్యం అవసరమయ్యేది కాదు. మీరు వద్దనడం మానితే, అతను చెప్పడం మొదలుపెడతాడు. ఆ రెండింటిలో రెండవదే మీకు కావాలి.

కాబట్టి నిషేధానికి బదులు లెక్క అడగండి. ఎక్కడ ఎగురుతున్నావు, ఎక్కడ దిగుతావు, ఎన్ని గంటల లోపల ఫోను రాకపోతే నేను ఎవరికి చెప్పాలి అని అడిగి రాయించుకోండి. ఈ రోజు ఎగరవద్దని నిర్ణయించేది ఎవరు అని కూడా అడగండి. ‘వాతావరణం బాగానే ఉంటుందిలే’ అన్న జవాబు వస్తే ఊరుకోవద్దు. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర, ప్రపంచ స్థాయి పోటీదారు ఎవా విష్నియెర్స్కాను ఉరుములమేఘం లోపలికి లాక్కుని 9,946 మీటర్ల ఎత్తుకు విసిరింది. ఆమె అరగంటకు పైగా స్పృహ తప్పి, ఒంటినిండా మంచు పేరుకుని, ఎలాగో బతికి దిగింది. అదే మేఘం మరొక పైలటును బలి తీసుకుంది. మేఘం లోపలికి చిక్కాక నైపుణ్యం పెద్దగా పనికిరాదు. నైపుణ్యం చూపవలసినది నేల మీదే, కట్టిన పట్టీలు విప్పేసి గ్లైడర్‌ను మడిచి సంచిలో పెట్టుకోవడంలోనే.

అత్యవసర పారాచూట్‌ను ఎప్పుడు విప్పి మళ్ళీ మడిపించావో చెప్పమనండి. ఏళ్ళ తరబడి సంచిలో నలిగిన పారాచూట్ తెరుచుకోవడానికి తడబడుతుంది. తరువాత అతని సంచిలో పళ్ళ సందులు శుభ్రం చేసుకునే సన్నని దారం డబ్బీ ఉందో లేదో చూడండి. నవ్వకండి. అనుభవం ఉన్న పైలట్లు చాలామంది ఆ దారం దగ్గర పెట్టుకుంటారు. గాలి తప్పి ఎత్తైన చెట్టు మీద పడితే దారాన్ని కిందికి వదులుతారు, కింద ఉన్నవారు దానికి గట్టి తాడు కట్టి పంపుతారు. చెట్టు మీద పడినప్పుడు దెబ్బ తగలని మనిషి, ఎవరికోసమూ ఆగలేక తానే దిగబోయి కాళ్ళు విరగ్గొట్టుకోవడం తరచుగా జరిగేదే. అలాగని పట్టీలకు వేలాడుతూ కదలకుండా ఉండిపోకూడదు. కాళ్ళు కిందికి వేలాడుతూ నిశ్చలంగా ఉంటే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి కొద్ది నిమిషాలలోనే స్పృహ తప్పవచ్చు. పాదాలకు ఒక పట్టీ ఉచ్చుగా వేసుకుని, దాని మీద నిలబడుతూ, కాళ్ళు ఆడిస్తూ ఉండాలి. ఈ సంగతి అతనికి తెలుసేమో అడిగి చూడండి. తెలిసి ఉంటే మీకు సగం దిగులు తీరుతుంది, తెలియకపోతే మళ్ళీ శిక్షణకు పంపడానికి మీకు ఒక కారణం దొరుకుతుంది.

ప్రశ్న: బంజీ జంప్ చేసే ముందు ‘నాకేం జరిగినా నిర్వాహకులది బాధ్యత కాదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. దాంతో వారి బాధ్యత తీరిపోయినట్టేనా? – ఒక విద్యార్థిని

జవాబు: పూర్తిగా తీరదు. ఆ క్రీడలో సహజంగా ఉండే ప్రమాదాన్ని మీరు తెలిసి ఒప్పుకున్నారని చెప్పడమే ఆ కాగితం ఉద్దేశం. తాడు సాగి వెనక్కి లాగినప్పుడు మెడ పట్టేయడం సహజమైన ప్రమాదం. మీ బరువుకు సరిపడని తాడు కట్టడం, కాలి పట్టీ మరొకరు సరిచూడకుండానే దూకించడం నిర్వాహకుల నిర్లక్ష్యం. చట్టాలు దేశానికొక రకంగా ఉన్నా, ఘోరమైన నిర్లక్ష్యాన్ని సంతకంతో కప్పిపుచ్చడానికి చాలాచోట్ల న్యాయస్థానాలు ఒప్పుకోవు. సంతకం చేసే ముందు మీ బరువు వారే తూచారా, మీ మాట మీద రాసుకున్నారా అన్నది గమనించండి. మీ మాట మీద రాసుకునేచోట దూకకండి.

ప్రశ్న: మేమిద్దరం కొండ దిగుతుండగా నా స్నేహితుడి కాలు విరిగింది. చీకటి పడుతోంది, ఫోను అందడం లేదు. అతణ్ణి అక్కడే వదిలి సాయం కోసం నేను కిందికి వచ్చాను. తెల్లవారాక బృందం చేరుకుంది. అతను బతికాడు గాని చలికి మూడు కాలివేళ్ళు పోయాయి. వదిలేసి వచ్చావని అతని ఇంట్లోవారు నాతో మాట్లాడడం లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు శిఖరం అందకపోతే వెనుదిరగాలని ముందే అనుకున్నాం, మూడింటిదాకా ఎక్కుతూనే ఉన్నాం. నేను చేసింది తప్పా? – పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: సాయం కోసం దిగిరావడం వదిలేయడం కాదు. ఫోను అందనిచోట, మోయలేని మనిషిని పట్టుకుని ఇద్దరూ చలిలో కూర్చుని ఉంటే తెల్లవారేసరికి ఎవరికోసం వెతకాలో కూడా ఎవరికీ తెలిసేది కాదు. 1985లో పెరూలోని సియులా గ్రాందే మీద, కాలు విరిగిన జో సింప్సన్‌ను సైమన్ యేట్స్ తాడుతో అంచెలంచెలుగా కిందికి దించుతుండగా, సింప్సన్ ఒక అంచు దాటి గాలిలో వేలాడిపోయారు. పైన మంచులో చేసుకున్న కూర్చునే గుంట కరిగి జారుతుంటే, ఇద్దరూ పడిపోయే క్షణంలో యేట్స్ తాడు కోశారు. సింప్సన్ పగులులో పడి కూడా బతికి, రోజుల తరబడి పాకుతూ శిబిరానికి చేరారు. తాడు కోసినందుకు యేట్స్‌ను నిందించినవారు లోకమంతా ఉన్నారు. ఆ తాడు చివర వేలాడిన సింప్సన్ మాత్రం, యేట్స్ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారని మొదటినుంచీ ఆయన పక్షానే నిలిచారు.

ఎదురుగా సాయం చేయగలిగి ఉండీ దాటిపోవడం వేరు. 2006 మేలో ఎవరెస్టు మీద ఒక బ్రిటిష్ పర్వతారోహకుడు ప్రాణాపాయంలో ఉండగా పలువురు పక్కనుంచే నడిచిపోయారన్న వార్త ప్రపంచాన్ని కలవరపెట్టింది. రెండు వారాలైనా గడవకముందే, చనిపోయాడని ప్రకటించిన లింకన్ హాల్ అనే ఆస్ట్రేలియన్ అదే దారిలో ప్రాణాలతో కూర్చుని కనిపించాడు. డాన్ మజూర్ బృందం తమ శిఖరాన్ని వదులుకుని ఆయన దగ్గర ఆగింది, ఆయన బతికాడు. మీరు దాటిపోయినవారి కోవకు చెందరు. మీరు సాయం తెచ్చారు.

ఇంతవరకు మీకు ఊరటనిచ్చే మాటలు చెప్పాను. మీ ఉత్తరం చివర మీరే రాసిన ఒంటిగంట సంగతిని కూడా చూడాలి. రాత్రి తీసుకున్న నిర్ణయం సరైనదే, మధ్యాహ్నం ఒంటిగంటకు తీసుకోని నిర్ణయమే లోటు. వెనుదిరగవలసిన వేళ దాటిపోవడం ఎంత ఖరీదైనదో 1996 మే 10న ఎవరెస్టు మీద తేలింది. ఆ మధ్యాహ్నం రెండు దాటాక కూడా పలువురు శిఖరం వైపు ఎక్కుతూనే ఉన్నారు, ఆ సాయంత్రం కమ్ముకున్న తుపానులో 8 మంది మరణించారు. ఒంటిగంట నుంచి మూడింటి వరకు జరిగిన పొరపాటు మీ ఇద్దరిదీ, సగం సగం. ఆ మాట మీ స్నేహితుడితో కూర్చుని చెప్పండి, వెళ్ళేటప్పుడు క్షమాపణ ఒక్కటే కాదు, మీ వాటా కూడా తీసుకుని వెళ్ళండి. ఇంట్లోవారి కోపం సంగతి తరువాత. అతను ఒప్పుకుంటే వారికి అతనే చెబుతాడు.

ఇదే స్థితి రేపు ఇంకొకరికి రావచ్చు కాబట్టి ఒక మాట. వదిలి దిగవలసి వస్తే, గాయపడిన మనిషి ఒంటి మీద కప్పేవాటికంటే ముందు ఒంటి కింద పరిచేవాటి సంగతి చూడాలి. సంచులు, తాడు చుట్టలు, దొరికినవన్నీ కింద వేయాలి. చలి ఎక్కువగా లాగేసేది నేలే. ఈల, దీపం అతని చేతికి అందేలా ఉంచాలి. చోటు గుర్తులు, గాయం వివరాలు, బయలుదేరిన వేళ కాగితం మీద రాసి మీ జేబులో పెట్టుకోవాలి. అలసిపోయి కిందికి చేరిన మనిషికి దారి గుర్తుండదు.

ప్రశ్న: ఫోను అందనిచోట సాయం ఎలా అడగాలి? – ఒక ట్రెకింగ్ బృందం

జవాబు: ఆల్ప్స్ పర్వతాలలో మొదలై చాలా దేశాలకు పాకిన పద్ధతి ఒకటుంది. ఈలతోనో, దీపంతోనో, కేకతోనో నిమిషానికి ఆరుసార్లు సంకేతం ఇవ్వాలి, తరువాత ఒక నిమిషం ఆగాలి, మళ్ళీ ఆరుసార్లు ఇవ్వాలి. అటునుంచి నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే మీ సంకేతం అందిందని అర్థం. జవాబు వచ్చిందని ఆపేయకండి, మనుషులు మిమ్మల్ని చేరేదాకా ఇస్తూనే ఉండాలి, శబ్దం వచ్చిన వైపే వారు నడుస్తారు. హెలికాప్టర్ కనిపిస్తే ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఏటవాలుగా పైకెత్తితే ‘సాయం కావాలి’ అని, ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి చాపితే ‘అక్కరలేదు’ అని అర్థం. సంతోషం పట్టలేక ఒక్క చెయ్యి ఊపితే పైలటు దాన్ని రెండవదిగా చదువుకుని వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఎగిరిపోయే టోపీలు, కండువాలు, సంచులు ముందే తీసి గట్టిగా పట్టుకోండి. పైలటు సైగ చేసేదాకా దగ్గరికి పరుగెత్తకండి.

సంకేతం ఇచ్చాక మీ అంతట మీరే దారి దొరికి దిగిపోతే, మొదట దొరికిన ఫోను నుంచి ఆ సంగతి రక్షక బృందానికి చెప్పండి. మీరు ఇంటికి వెళ్ళి పడుకున్న రాత్రి, వారు ఇంకా మీ పేరు పిలుస్తూ ఆ కొండ మీద తిరుగుతూ ఉండవచ్చు.